అడవి అంచున హోర్డింగు

ప్రకటన లేనిదే వ్యాపారం లేదంటారు. నిజమే కావచ్చు. టూత్‌పేస్టు దగ్గర్నుంచి ట్యుటోరియల్ కాలేజీ దాకా ప్రతిదీ ఓ బోర్డెక్కి మనల్ని పిలుస్తూనే ఉంటుంది. ఊళ్లో దుకాణం నెత్తిన బోర్డుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. అదే బోర్డు రక్షిత అడవి అంచున లేస్తే? "ఒక్క బోర్డేగా, దానికింత రాద్ధాంతమా?" అని మిత్రులు కొందరు నన్నడిగారు. నాకు తెలిసినంతలో వారికి జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉదాహరణకు దూరం పోనక్కర్లేదు. హైదరాబాదు నడిబొడ్డున, జూబ్లీహిల్స్ ప్రాంతంలో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం ఉంది. సుమారు 142 హెక్టార్ల అడవి. 1998లో దాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. లోపల నెమళ్లు, బయట కార్ల బారులు. ఆ సరిహద్దు దగ్గర నిలబడి చూస్తే మూడు రకాల నేల, ఒక్కోదానికి ఒక్కో చట్టం కనిపిస్తాయి.

మొదటిది ఉద్యానవనం లోపలి నేల. దీనికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి లేకుండా అక్కడ ప్రాణుల ఆవాసాన్ని పాడుచేయరాదు. అటవీ భూమిని వేరే పనికి వాడాలంటే 1980 నాటి చట్టం ప్రకారం కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. కనుక లోపల సబ్బు ప్రకటన పాతడం అంత తేలిక కాదు. తమాషా ఏమిటంటే, చట్టం తానే కాపాడే గుర్తు కూడా ఒకటుంది. అదే సరిహద్దు గుర్తు. దురుద్దేశంతో దాన్ని కదిలించినా, చెరిపినా నేరమే.

రెండవది సరిహద్దును ఆనుకొని ఉన్న పట్టీ. దీన్ని పర్యావరణ సున్నిత మండలం అంటారు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం గెజిట్‌లో దీన్ని ప్రకటిస్తుంది. ఆ నోటిఫికేషన్లలో మామూలుగా మూడు జాబితాలుంటాయి: నిషేధించినవి, నియంత్రించేవి, ప్రోత్సహించేవి. గనులు, కాలుష్య పరిశ్రమలు మొదటి జాబితాలోకి పోతాయి. వాననీటి నిల్వ, సేంద్రియ సేద్యం మూడోదానిలోకి వస్తాయి. మరి వ్యాపార బోర్డులు, హోర్డింగులు? నడిమి జాబితాలో! అంటే వద్దని అనలేదు, సరేననీ అనలేదు. "వర్తించే చట్టాల ప్రకారం నియంత్రించాలి" అని ఊరుకున్నారు.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఎంత ఎత్తు, ఎంత వెలుతురు, ఎన్ని గంటల దాకా అన్న సంగతులు ఆ ఒక్క ముక్కలో లేవు. వాటిని వేరే చట్టంలోనో, మండలానికి రాష్ట్రం తయారు చేయవలసిన ప్రణాళికలోనో వెతుక్కోవాలి. పైగా పట్టీ వెడల్పు అన్నిచోట్లా ఒకటి కాదు. పెద్ద అభయారణ్యాల చుట్టూ అది కిలోమీటర్ల లెక్కన ఉంటే, మన ఉద్యానవనం చుట్టూ 2020లో ఖరారు చేసింది 3 మీటర్ల నుంచి 29.8 మీటర్లు మాత్రమే. 3 మీటర్లంటే ఎంత? నాలుగంగలు వేస్తే దాటిపోతాం. ఆ అవతల బోర్డు నిలబెడితే ఆ నోటిఫికేషన్‌కు దానితో పనిలేదు. వెలుతురుకు మాత్రం గెజిట్ చదవడం రాదు కదా!

మూడవది నగరం నేల. ఇక్కడ అనుమతి ఇచ్చేది మునిసిపల్ కార్పొరేషన్. 2020లో తెలంగాణ ప్రభుత్వం నేల నుంచి 15 అడుగుల ఎత్తు దాటిన ప్రకటనలను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. అయితే ఇటువంటి నగర నిబంధనలు ముఖ్యంగా మనుషుల భద్రతను, రోడ్డు మీద వాహనాలను చూసి రాసినవి. చెట్టు మీద నిద్రపోయే పక్షిని చూసి రాసినవి కావు.

నష్టం ఏమిటంటారా? బోర్డు కనబడాలంటే అడ్డొచ్చిన కొమ్మ నరకాలి. ఏటా నరుకుతూనే ఉండాలి. రాత్రి దీపం వెలిగితే పురుగులు దాని చుట్టూ తిరిగి చస్తాయి. చీకటిని నమ్ముకున్న జీవులు దారి మార్చుకుంటాయి. దిమ్మె కోసం తవ్వితే వేర్లు తెగుతాయి. హిమాచల్ ప్రదేశ్‌లో మనాలి నుంచి రోహతాంగ్ పోయే దారిలో కొండరాళ్లకే రంగులు పూసి ప్రకటనలు రాశారు. 2002లో పత్రికలో వచ్చిన వార్త చూసి సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి కంపెనీలకు నోటీసులిచ్చింది. రాతి మీద నాచు పెరగడానికి ఏళ్లు పడుతుంది. రంగు పూయడానికి ఒక్క పూట చాలు. ఆ రంగును గీకితే మిగిలిన నాచు కూడా పోతుంది.

అలాగని బోర్డులన్నీ చెడ్డవని నా వాదం కాదు. "జంతువులు దాటే చోటు, నెమ్మదిగా పోండి" అన్న బోర్డు ప్రాణం నిలుపుతుంది. దారి చూపేదీ, హెచ్చరించేదీ ఉండాల్సిందే. అమ్మకం కోసం పెట్టేదానికీ, అవసరం కోసం పెట్టేదానికీ ఒకే కొలత పనికిరాదు. ఈ తేడా రూలు పుస్తకంలో స్పష్టంగా రాసి ఉండాలి. పట్టీ సన్నగా ఉన్నచోట దాని అవతలి బోర్డుకు కూడా ఎత్తు, వెలుతురు హద్దులు కార్పొరేషన్ పెట్టాలి.

ఇందులో విద్యార్థులం మనమేం చేయగలం? చాలానే చేయగలం. పర్యావరణ సున్నిత మండలం ముసాయిదా వెలువడ్డాక అభ్యంతరాలు చెప్పుకోవడానికి 60 రోజుల గడువుంటుంది. ఎవరైనా రాయవచ్చు. లాయరే కానక్కర్లేదు. ఖరారైన తర్వాత స్థానికులను సంప్రదించి రెండేళ్లలో మండల ప్రణాళిక తయారు చేయాలని నోటిఫికేషన్లే చెబుతాయి. మీ జిల్లాలో అభయారణ్యం ఉంటే ఆ ప్రణాళిక వచ్చిందా అని అడగండి. అందులో బోర్డుల గురించి ఒక్క వాక్యమైనా ఉందా అని చూడండి. వృక్షశాస్త్రం వాళ్లు చెట్లను లెక్కపెట్టండి, లా విద్యార్థులు అర్జీ రాయండి, తెలుగు వాళ్లు దాన్ని నలుగురికీ అర్థమయ్యే భాషలో పెట్టండి.

అన్నట్టు, ఎన్నికల రోజుల్లో మన కాలేజీ చెట్లకు మేకులతో దిగ్గొట్టే అభ్యర్థుల అట్టల మాటేమిటి? ఆ చెట్టు ఏ మండలంలో ఉందో తెలియాలంటే గెజిట్ అక్కర్లేదు. మేకు దిగితే బెరడు ఎక్కడైనా ఒకేలా చీలుతుంది. వచ్చే ఎన్నికల్లో "చెట్టుకు మేకు కొట్టిన వాడికి ఓటు లేదు" అని మనమే ఒక రూలు పెట్టుకుంటే ఎలా ఉంటుందంటారు?