తాడు పురి, వాగు నీళ్లు

బొంతపల్లి అనగానే మనలో కొందరికి వీరభద్రస్వామి గుడి గుర్తొస్తుంది, మిగతావాళ్లకు మందుల కంపెనీలు. ఈ బెల్టుతో ముడిపడ్డ ఒక మందు కథ చెప్తాను. ముందు ఒక తాడు తీసుకోండి.

రెండు పోగుల తాడును మధ్యలో పట్టుకుని విడదీయండి. అక్కడ సందు వస్తుంది గానీ, రెండు పక్కలా పురి ఇంకా బిగుస్తుంది. మరీ లాగితే చిక్కుపడుతుంది. డీఎన్‌ఏది కూడా ఇదే తిప్పలు. చదవాలన్నా, కాపీ చేయాలన్నా విప్పాల్సిందే. ఈ.కోలై బ్యాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రాన్లు. దాని డీఎన్‌ఏ సాగదీస్తే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు, నాలుగు లక్షలకు పైగా మెలికలు!

ఈ తాడు ఎంత తేలిగ్గా విప్పుకుంటుందో చుట్టూ ఉన్న పరిస్థితులు కూడా తేలుస్తాయి. రెండు పోగులకూ రుణావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పొటాషియం, మెగ్నీషియం అయాన్లు చేరి ఆ నెట్టుడు తగ్గిస్తాయి. అందుకే ఉప్పు తగ్గినా, వేడి పెరిగినా పోగులు సులభంగా విడిపోతాయి.

బ్యాక్టీరియాలో పురి సరిచేసే ఎంజైమ్ పేరు గైరేజ్. 1976లో మార్టిన్ గెల్లర్ట్ బృందం కనిపెట్టింది. అది రెండు పోగులనూ తెంపి, ఇంకో ముక్కను ఆ సందులోంచి దాటించి, మళ్లీ అతికిస్తుంది. అలా ఎదురు పురి ఎక్కి, విప్పడం తేలికవుతుంది. ఈ పనికి ఏటీపీ కావాలి. కణంలో ఏటీపీ తగ్గి ఏడీపీ పెరిగితే గైరేజ్ నెమ్మదిస్తుంది, పురి సడలుతుంది, జన్యువుల పని తీరు మారుతుంది. అంటే బయటి కష్టం లోపలి తాడు దాకా చేరుతుందన్నమాట.

సిప్రోఫ్లాక్సాసిన్ సరిగ్గా ఇక్కడే దెబ్బ కొడుతుంది. తెంపాక, అతికించే ముందు ఆ సందులో కూర్చుంటుంది. తెగింది తెగినట్టే ఉండిపోయి బ్యాక్టీరియా చస్తుంది. మన కణాల్లో గైరేజ్ లేదు కాబట్టి అది మనకు మందు అయింది.

ఇప్పుడు మన వాగు దగ్గరికొద్దాం. పటాన్‌చెరు దగ్గర సుమారు 90 బల్క్ డ్రగ్ తయారీదారుల వ్యర్థజలాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. శుద్ధి అయ్యాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు.

అంత మందులో బతకాలంటే బ్యాక్టీరియా ఉపాయం వెతుక్కోవాలి. 2011లో వచ్చిన ఇంకో అధ్యయనంలో ఆ ప్రాంతపు వాగు మట్టిలో క్యూఎన్‌ఆర్ జన్యువులు దొరికాయి. వాటి ప్రొటీన్ గైరేజ్‌ను మందు బారిన పడకుండా కాపాడుతుంది. పైగా ఇలాంటి జన్యువులు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకగలవు. అవి రోగకారక క్రిములకు చేరితే, డాక్టర్ రాసిన మాత్ర పనిచేయకపోవచ్చు.

మనలో కొందరం రేపు ఇదే బెల్టులో ఉద్యోగాలకు చేరతాం. ఒక్క మాట గుర్తుంచుకుందాం. సీఓడీ, బీఓడీ అంకెలు బాగున్నంత మాత్రాన నీళ్లలో యాంటీబయాటిక్ లేదని కాదు. దాన్ని విడిగా కొలవాలి. కొలవమని అడిగేవాళ్లు లోపల ఒకరైనా ఉండాలి.