మెరుగు పేరిట తూకం పోరాదు

రాంగోపాల్‌పేట్ (సికింద్రాబాద్): శ్రావణమాసం, పెళ్లి ముహూర్తాలు దగ్గరపడగానే బీరువాలలోని నగలు బయటికి వస్తాయి. చేరువలోని జనరల్ బజార్, పాట్ మార్కెట్ దుకాణాలకు పాతబంగారం చేరేదీ ఇటువంటి రోజులలోనే. పాత బిల్లులోని తూకానికీ, తక్కెడ చూపే తూకానికీ తేడా వస్తే ఖాతాదారు ముందుగా అనుమానించేది వర్తకుడినే. ఆ తరుగు ఒక్కొక్కప్పుడు ఇంటిలోనే, శుభ్రత పేరిట జరిగి ఉంటుంది.

22 కారట్ల నగలో వెయ్యి పాళ్లకు 916 పాళ్లు బంగారం. మిగిలినది రాగి, వెండి వంటి లోహాలు. మేలిమి బంగారం గాలికి, నీటికి మాయదు. చెమట, నూనె, సబ్బు పేరుకోవడంవల్లనూ, కలిపిన రాగి నల్లబడడంవల్లనూ నగ మాసినట్లు కనిపిస్తుంది. కనుక మురికి వదిలితే చాలును, లోహం వదలనక్కరలేదు.

వీధిలో మెరుగు పెడతామని వచ్చే మోసగాళ్ల గిన్నెలో ఉండేది ఆమ్లరాజం. మూడు పాళ్ల హైడ్రోక్లోరికామ్లం, ఒక పాలు నత్రికామ్లం కలిసిన ఈ ద్రావకం బంగారాన్నే కరిగిస్తుంది. నగ తళుక్కుమంటుంది; కరిగిన బంగారం గిన్నెతోపాటు వెళ్లిపోతుంది. 40 గ్రాముల గొలుసులో నూటికి 2 వంతులు పోయినా 800 మిల్లీగ్రాముల నష్టం. పైగా సన్నని లంకెలు బలహీనపడతాయి.

బంగారానికి మన ఇళ్లలో వాడే కుంకుడు రసమే మేలు. గోరువెచ్చని నీటిలో పావుగంట నానబెట్టి, మెత్తని కుంచెతో రుద్ది, మంచినీట కడిగి, నూలుగుడ్డతో అద్దాలి. ఈ పని పళ్లెంలో చేస్తే ఊడిన రాయి దొరుకుతుంది. ముగ్గు, బూడిద, టూత్‌పేస్టు పనికిరావు. ఆ గరుకుకు బంగారంతోపాటు హాల్‌మార్క్ ముద్ర కూడ అరుగుతుంది. 2021 జూన్ 16 నుండి దశలవారీగా నిర్బంధమైన హాల్‌మార్కింగ్‌లో ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య కీలకం. అది చదవరాకపోతే అమ్మకం వేళ బేరం చిక్కులో పడుతుంది.

వెండి నల్లబడేది గాలిలోని గంధక వాయువులవల్ల. గిన్నెలో అల్యూమినియం రేకు పరచి, వెండిని దానికి తాకేటట్లు ఉంచి, తినేసోడా కలిపిన వేడినీరు పోస్తే గంధకం అల్యూమినియంను పట్టుకుంటుంది, వెండి నిలుస్తుంది. పొడితో తోమితే నల్లపొరతో వెండీ పోతుంది. కావాలని నల్లరంగు పట్టించిన పనితనానికి మాత్రం ఈ పద్ధతి తగదు.

లక్క నింపిన నగలను వేడినీటిలో వేయరాదు, లక్క మెత్తబడుతుంది. కుందనపు రాళ్ల వెనుక రేకుకు తడి తగిలితే కాంతి పోతుంది. ముత్యాలకు పులుపు, ద్రావకం శత్రువులు; తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. వన్ గ్రాం గోల్డ్ నగలపై పూత పలుచన, రుద్దితే లోపలి లోహం బయటపడుతుంది. పాదరసం తగిలిన బంగారం తెల్లబారుతుంది.

వర్తకులు మెరుగుకు తీసుకునే ప్రతి నగనూ ఖాతాదారు ఎదుటనే ముందూ వెనుకా తూచి, రెండు తూకాలనూ చీటీపై వ్రాయడం మంచిది. అమ్మేటప్పుడు బిల్లులో రాళ్ల తూకం, బంగారం నికర తూకం వేరువేరుగా చూపితే, ఏళ్ల తరువాత అదే నగ తిరిగి వచ్చినపుడు వాదనకు తావుండదు.