హైడ్ తప్పు చేస్తే చెక్కు మీద సంతకం ఎవరిది?

ఈ రోజు ముచ్చట పర్ణశాల దగ్గర మొదలుపెడదాం. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వైపు వెళ్తే ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. మా ఖమ్మం పిల్లలం చాలామందిమి స్కూల్ టూర్‌లో చూసిన చోటే. అక్కడ బొమ్మలుంటాయి: బంగారు లేడి, సీతమ్మ, భిక్ష అడుగుతున్న సన్యాసి. ఆ సన్యాసి రావణుడని మనకు తెలుసు, పాపం ఆమెకే తెలీదు. చిన్నప్పుడు ఆ బొమ్మల ముందు నిలబడి నేను ఒకటే అనుకున్నాను. చెడ్డవాడు మంచివాడి వేషంలో వస్తాడు, కళ్లు తెరిచి చూస్తే పట్టేసుకోవచ్చు.

డిగ్రీలో ఉన్నప్పుడు దీన్ని తిరగేసిన కథ ఒకటి చదివాను. అందులో పెద్దమనిషే చెడ్డవాడి వేషం వేస్తాడు. అది వేషం కూడా కాదు, ఏకంగా ఇంకో ఒళ్లు. అదే డాక్టర్ జెకిల్, మిస్టర్ హైడ్ కథ. రాసింది రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్. 1886 జనవరిలో లండన్‌లో అచ్చయింది.

ముందు గోతిక్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను. పాడుబడ్డ కోట, చీకటి మెట్లు, తాళం వేసిన గది, ఇంట్లో ఎవరూ మాట్లాడని ఒక రహస్యం. మన దయ్యాల కథలకు దూరపు చుట్టం అనుకోండి. మొదట్లో ఆ కోట ఎక్కడో దూరదేశంలో, పాతకాలంలో ఉండేది. విక్టోరియా రాణి ఏలిన రోజుల్లో, అంటే 1837 నుంచి 1901 దాకా, ఆ భయం మెల్లగా ఊళ్లోకి వచ్చింది. పక్కింటి దాకా వచ్చి, చివరికి మనిషి లోపలికే దూరింది. దెయ్యం కొండ మీది కోటలో ఉంటే తలుపేసుకుని పడుకోవచ్చు. లోపలే ఉంటే ఏ తలుపేస్తాం?

స్టీవెన్‌సన్‌ది స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో. ఆ ఊళ్లో అంతకు వందేళ్ల ముందు బ్రోడీ అని ఒకాయన ఉండేవాడు. పగలు చెక్క సామాను చేయించే మేస్త్రీ, నగర సభలో సభ్యుడు, నలుగురిలో పెద్దమనిషి. రాత్రయితే దొంగ. తాళంచెవులకు నకళ్లు చేయించి దోచేవాడు. 1788లో ఉరితీశారు. ఆ బ్రోడీ చేసిన బీరువా ఒకటి చిన్నప్పుడు స్టీవెన్‌సన్ గదిలో ఉండేది. రోజూ దాన్ని చూస్తూ నిద్రపోయిన పిల్లాడికి ఏ ఆలోచనలు వచ్చి ఉంటాయో మీరే ఊహించుకోండి.

ఇక కథ. జెకిల్ పేరున్న డాక్టర్. దానధర్మాలు చేస్తాడు, అందరికీ గౌరవం. ఆయనకు కొన్ని సరదాలున్నాయి, కానీ పరువు అడ్డం. అందుకని ఒక మందు కనిపెట్టాడు. తాగితే హైడ్ అనే మనిషి అయిపోతాడు. పొట్టిగా ఉంటాడు, వయసు తక్కువ. చూసినవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది, కానీ ఏం బాగోలేదో ఒక్కరూ చెప్పలేరు. హైడ్ ఏం చేసినా జెకిల్ పేరు చెడదు. మళ్లీ మందు తాగితే డాక్టర్ గారే.

ఆ ఇల్లు కూడా గమనించండి. ముందు వైపు మంచి వీధి, దర్జా గుమ్మం. వెనక సందులో ఇంకో తలుపు, రంగు పొక్కిపోయి, గంట కూడా లేకుండా. ఇల్లు మాత్రం ఒకటే. చాలా పేజీల దాకా అది మనకు తట్టదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం. తెల్లవారుజామున మూడింటికి హైడ్ వీధి మలుపులో ఒక చిన్నపిల్లను తొక్కుకుంటూ పోతాడు. జనం పట్టుకుని, ఆ పిల్ల కుటుంబానికి వంద పౌండ్లు కట్టమంటారు. హైడ్ ఆ వెనక తలుపు తీసుకుని లోపలికి వెళ్లి పది పౌండ్ల బంగారు నాణేలు, మిగతాదానికి చెక్కు తెస్తాడు. చెక్కు మీద సంతకం జెకిల్‌ది! దొంగ సంతకమేమో అని పొద్దున్నే బ్యాంకుకు తీసుకెళ్తారు. అసలైనదే.

ఆగి ఆలోచించండి. ఒళ్లు మారింది, పేరు మారింది, మొహం మారింది. బాకీ తీర్చాల్సి వచ్చేసరికి పాత సంతకమే కావాల్సి వచ్చింది.

అదే కాలంలో చెడు గురించి ఇంకో రెండు నవలలు వచ్చాయి. ఆస్కార్ వైల్డ్ రాసిన డోరియన్ గ్రే కథ 1890లో పత్రికలో, 1891లో పుస్తకంగా వచ్చింది. అతని మొహం ఎప్పుడూ అందంగానే ఉంటుంది, చేసిన పాపాలన్నీ మేడ మీద తాళం వేసిన గదిలో బొమ్మ మీద కనిపిస్తాయి. ఫిల్టర్ వేసిన ఫొటో జనానికి, అసలు ఫొటో గదిలో దాచినట్టు. 1897లో బ్రామ్ స్టోకర్ డ్రాకులా వచ్చింది. అక్కడ చెడు బయటి దేశం నుంచి ఓడెక్కి వస్తుంది. వాడు మనవాడు కాదు, అద్దంలో కూడా కనపడడు.

నాకు ఎక్కువ భయం ఈ మూడోదంటేనే. ఎందుకంటే చెడు అంటే "వాళ్లు" అని నమ్మడం చాలా హాయిగా ఉంటుంది. అప్పట్లో లొంబ్రోసో అని ఇటలీ డాక్టర్ ఒకాయన, నేరస్థుణ్ణి మొహం, పుర్రె చూసి చెప్పొచ్చని 1876లో పుస్తకం రాశాడు. డ్రాకులా నవలలో ఆయన పేరు కూడా వస్తుంది. మన దగ్గర అంతకు ముందే, 1871లో, బ్రిటిష్ ప్రభుత్వం ఏకంగా చట్టమే తెచ్చింది. కొన్ని కులాలు, తెగలు పుట్టుకతోనే నేరస్థులట! 1911లో అది మద్రాసు రాజ్యానికీ వచ్చింది. అప్పుడు గోదావరికి ఇవతల ఖమ్మం నిజాం కింద, అవతల భద్రాచలం మద్రాసు రాజ్యంలో. ఎరుకల వాళ్ల మీద ఆ ముద్ర పడింది, స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించారు. చట్టం 1952లో రద్దయింది. ఊళ్లో ఏదైనా పోతే చూపు ముందు ఎటు పోతుందో, ఆ అలవాటు మాత్రం చట్టంతో పాటు పోలేదు.

చెడు బయటుంది అంటే ఇంకొకళ్లు బలి. చెడు నాలోనే ఉంది, కానీ అది నేను కాదు, ఇంకొకడు అంటే? అదే జెకిల్ చేసిన పని.

ఇక్కడ మన భద్రాచలం మనిషి గుర్తొస్తాడు. కంచర్ల గోపన్న, రామదాసు. మా జిల్లా నేలకొండపల్లి ఆయన. గోల్కొండ చివరి సుల్తాన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలైన సర్కారు సొమ్ముతో గుడి కట్టాడు, సీతారాములకు నగలు చేయించాడు. ఒక పుస్తకంలో అది భక్తి, ఇంకో పుస్తకంలో అది బకాయి. రెండూ ఆ ఒక్క మనిషివే. కానీ తేడా చూడండి. ఆయన చాటుగా చెయ్యలేదు, రాతితో కట్టాడు, నలుగురూ చూసేలా. "అది నేను కాదు" అని అన్నట్టు ఏ కథలోనూ లేదు. గోల్కొండ జైల్లో కూర్చుని కీర్తనల్లో ఏ నగకు ఎంతయ్యిందో లెక్క చెప్పాడు. కోపం ఆపుకోలేక రాముణ్ణే తిట్టాడు, వెంటనే తిట్టానని క్షమించమన్నాడు. తిట్టిన నోరు, దణ్ణం పెట్టిన నోరు ఒకటే.

కథలో ముగింపు మీకు తెలిసిందే. రాముడు, లక్ష్మణుడు రామోజీ, లక్ష్మోజీ అని వేరే పేర్లతో రాత్రిపూట వచ్చి ఆరు లక్షలు కట్టి, రసీదు తీసుకుంటారు. మారుపేరు ఇక్కడా ఉంది. కాకపోతే వాళ్లు మారుపేరు పెట్టుకున్నది బాకీ తీర్చడానికి. జెకిల్ పెట్టుకున్నది ఎగ్గొట్టడానికి.

ఇప్పుడు నా ముచ్చట. ఇది చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

ఖమ్మంలో హాస్టల్లో ఉన్నప్పుడు నాకు ఫేక్ అకౌంట్ ఒకటి ఉండేది. పేరు వేరే, ఫొటో ఎవరో హీరోది. మా రూమ్మేట్ పాటలు పాడి పెట్టేవాడు. అటవీ ప్రాంతం నుంచి వచ్చినవాడు, మాట యాస వేరుగా ఉండేది. ఆ అకౌంట్ నుంచి నేను వాడి యాస మీద, రంగు మీద రాసేవాణ్ణి. మొదట జోకులే. తర్వాత జోకులు కావు. ఒక రాత్రి వాడు ఫోన్ చూపించి ఏడ్చాడు. "ఎవడ్రా వీడు, నేనేం చేశాను వీడికి" అన్నాడు. నేను వాణ్ణి బస్టాండ్ దగ్గరికి తీసుకెళ్లి టీ తాగించి, "వదిలెయ్‌రా, ఇలాంటోళ్లు ఉంటారు" అని ఓదార్చాను. నిజంగానే బాధపడ్డాను. నటన కాదు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. వాడు పాడటం మానేశాడు.

జెకిల్ చివర్లో రాసిన ఉత్తరంలో ఒక చోటు ఉంది. హైడ్ చేసినవి చెప్తూ చెప్తూ "నేను" అనలేక "వాడు" అంటాడు. అప్పటికి మందు తాగకుండానే హైడ్ అయిపోతున్నాడు. ఒక పగలు పార్కులో బెంచీ మీద ఎండకు కూర్చుని ఉండగానే మారిపోతాడు. వేరే మనిషిని తయారుచేస్తే వాడు చెప్పినప్పుడే వచ్చి చెప్పినప్పుడే పోడు. నా విషయంలో కూడా అంతే. ఆ అకౌంట్ తీసేసిన తర్వాత కూడా, ఎదురుగా ఉన్న మనుషుల మీద ఆ మాటలే నా నోట్లోకి వచ్చేవి.

మూడేళ్ల తర్వాత వాడికి ఫోన్ చేసి చెప్పాను. "అది నేనేరా" అని. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగాడు: "మరి ఆ రోజు నాకు టీ తాగించింది ఎవర్రా?"

"అదీ నేనే" అన్నాను.

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు. అది వాడి హక్కు.

చెడు ఆలోచన రాని మనిషి ఉండడు, అందులో కొత్తేం లేదు. దానికి ఇంకో పేరు పెట్టి వెనక తలుపు నుంచి పంపితేనే అసలు గొడవ. మీ ఫోన్‌లో రెండో అకౌంట్ ఉంటే, అందులో రాసే ముందు కింద మీ ఇంటి పేరుతో సహా సంతకం ఊహించుకోండి. పెట్టగలిగితే రాయండి. చెక్కు ఎప్పటికైనా ఆ పేరు మీదే వస్తుంది.

ఈసారికి ఇంతే. ఉంటాను.