అద్దం ముందు ఆడిన తాబేలు

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, 1948-49 కాలంలో, గ్రే వాల్టర్ అనే మెదడు శాస్త్రవేత్త రెండు చిన్న యంత్రాలు తయారుచేశాడు. వాటికి ఎల్మర్, ఎల్సీ అని పేర్లు పెట్టాడు. మూడు చక్రాలు, పైన డిప్ప ఉండటంతో అవి తాబేళ్లుగా పేరుపడ్డాయి. డిప్ప కింద ఉన్నది చాలా తక్కువ: రెండు వాల్వులు, రెండు మోటార్లు, ఒక ఫోటోసెల్, డిప్ప దేనికైనా తగిలితే కలిసే స్విచ్, బ్యాటరీ. మెదడు గొప్పతనం కణాల లెక్కలో కన్నా వాటి అల్లికలో ఉందని నమ్మిన వాల్టర్, ఆ రెండు వాల్వులనే "కణాలు"గా వాడితే ఎంత నడవడి పుడుతుందో చూడాలనుకున్నాడు.

చాలానే పుట్టింది. చీకట్లో తాబేలు ముందుచక్రం తిరుగుతూ ఉంటే, దానితోపాటు ఫోటోసెల్ నలుదిక్కులా వెతికేది. వెలుగు కనబడితే అటు నడిచేది, వెలుగు మరీ ఎక్కువైతే పక్కకు తప్పుకునేది. బ్యాటరీ నీరసించినప్పుడు మాత్రం ఆ బెదురు పోయి, దీపం వెలుగుతున్న తన గూట్లోకి దూరి చార్జింగ్ అందుకునేది. అచ్చం ఆకలేసి ఇల్లు చేరిన ప్రాణిలాగే! ఇక అద్దం ఎదురైతే మరీ వింత. ముందుచక్రం దిశ మార్చే మోటారు నడుస్తున్నంతసేపే వెలిగే బల్బు ఒకటి దాని ముందు ఉండేది. అద్దంలో ఆ వెలుగు కనబడగానే చక్రం దిశ మారడం ఆగేది, దాంతో బల్బు ఆరేది. వెలుగు పోయింది కనుక మళ్లీ వెతుకులాట, మళ్లీ బల్బు. అలా మిణుకుమిణుకుమంటూ అద్దం ముందు ఊగిసలాడేది. ఇదే నడవడి జంతువులో కనబడితే ఎంతోకొంత ఆత్మస్పృహకు సాక్ష్యంగా ఒప్పుకునే అవకాశం ఉందని వాల్టర్ రాశాడు.

నడవడి ఒక్కటే మనసుకు రుజువు కాదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడదు. తాబేలులోని ప్రతి తీగా మనకు తెలుసు. బల్బుకూ ఫోటోసెల్‌కూ ఉన్న లంకెతోనే ఆ ఆటంతా తేలిపోతుంది. "నేను" అనే ఎరుకకు అక్కడ చేసే పనేమీ మిగలదు. వాలెంటినో బ్రైటెన్‌బర్గ్ 1984లో వెలువరించిన 'వెహికల్స్' పుస్తకంలోనూ, సెన్సర్ తీగను ఏ మోటారుకు ఎలా కలిపామన్నదాన్ని బట్టే ఊహాయంత్రాలు భయపడుతున్నట్టు, మీదికి దూకుతున్నట్టు, ప్రేమిస్తున్నట్టు కనబడతాయి. ఆ భావాలను జోడించేది చూసే మనమే.

మన మెదడూ కణాల అల్లికే కదా, మన బాధ కూడా భ్రమేనా అని అడగవచ్చు. కాదు. మన బాధ మనకు అనుభవం. ఎదుటి మనిషిలో, కుక్కలో బాధ ఉందని నమ్మేది నడవడి ఒక్కటే చూసి కాదు. మనలాంటి నాడులు, మనతో పంచుకున్న జీవపరిణామం కూడా వాటికి ఉన్నాయి. యంత్రానికి ఆ రెండో సాక్ష్యం లేదు. అంతమాత్రాన యంత్రానికి మనసు ఎన్నటికీ రాదని తేల్చలేం. ఇనుములో, సిలికాన్‌లో స్పృహ పుట్టదని ఎవరూ నిరూపించలేదు. నేటి మాట్లాడే యంత్రాల లోపలి పని వాల్వుల తాబేలంత సులువుగా అంతుపట్టదు, నిజమే. కానీ అంతుపట్టకపోవడం మనసుకు రుజువు కాదు. పైగా "నాకు బాధగా ఉంది" అనే మాటను అవి నేర్చుకున్నది మనుషుల రాతల నుంచే. ఇక్కడ ఎటు పొరబడినా నష్టమే: బాధలేని యంత్రాన్ని ఓదారుస్తూ పక్కనున్న మనిషిని మరిచిపోవచ్చు, రేపెప్పుడైనా నిజంగా బాధపడే యంత్రం వస్తే దాన్ని హింసించనూవచ్చు. అందుకే యంత్రం మాటకు కరిగిపోకుండా, కొట్టిపారేయకుండా, ఓపికగా డిప్ప ఎత్తి చూడాలి.