నాలుగు జబ్బులు, ఒక్క గ్రంథి

గతవారం బిలాస్‌పూర్ వెళ్ళి వచ్చాను. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ పట్టణానికి రైల్వేయే ప్రాణం. పూర్వం బెంగాల్-నాగపూర్ రైల్వేలో కొలువు కోసం వచ్చిన మనవాళ్ళు కొందరు ఇక్కడే స్థిరపడ్డారు. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. గార్డుగా పనిచేసి రిటైరైన మా చిన్నాన్నగారు అక్కడే ఉంటున్నారు. నేను వెళ్ళింది పిన్నిని చూడడానికి. ఆమె కథ పాఠకులకు చెప్పదగినదని తోచి, ఈ వారం రాజకీయాలకు సెలవిచ్చాను.

ఎనిమిదేళ్ళ కిందట పిన్నికి మూత్రపిండాల్లో రాళ్ళు కనిపించాయి. తీయించారు, మళ్ళీ వచ్చాయి. తరువాత కడుపునొప్పి, మలబద్ధకం, తీరని దాహం. ఆ పిమ్మట మనిషే మందకొడి అయింది. పొయ్యిమీద పాలు పెట్టి మరచిపోయేది. కారణం లేకుండా కంటతడి పెట్టేది. వయసని కొందరు, దిగులని కొందరు అన్నారు. దిగులుకు మాత్రలిచ్చారు; ఎముకల నొప్పికి కాల్షియం మాత్రలిచ్చారు. నిరుడు కింది దవడలో వాపు బయలుదేరితే పన్ను పీకారు. వాపు తగ్గలేదు. కాన్సరేమోనని ఇంటిల్లిపాదీ హడలిపోయారు. ఆ భయంలో ఉండగానే గడప దాటుతూ జారితే తొడ ఎముక విరిగింది.

ఎక్స్‌రే చూసిన ఒక యువ వైద్యుడు ఎముకతో ఆగలేదు. రాళ్ళ సంగతి, దవడ సంగతి, దిగులు సంగతి అడిగి తెలుసుకుని, రక్తంలో కాల్షియం చూడమన్నాడు. డెసిలీటరుకు 10.5 మిల్లీగ్రాములు దాటకూడనిది 13.6 ఉంది. చివరకు తేలిన దోషి, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి.

థైరాయిడ్ వెనుక బియ్యపు గింజలంతేసి గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి. రక్తంలో కాల్షియం తగ్గకుండా కాపలా కాయడం వాటి పని. వాటిలో ఒకటి కంతిగా పెరిగి అదుపు తప్పితే, అవసరం లేకున్నా ఎముకల నుంచి కాల్షియాన్ని లాగి రక్తంలో పోస్తూనే ఉంటుంది. ఇంటి దూలాలు పీకి పొయ్యిలో పెట్టడం వంటిదిది. ఎముక గుల్లబారుతుంది. మూత్రంలోకి దిగిన కాల్షియం రాళ్ళు కడుతుంది. పేగులు, కండరాలు, మెదడు మందగిస్తాయి. కొందరికి క్లోమం వాస్తుంది. కొందరికి దవడ ఎముకలో గోధుమరంగు కంతి లేస్తుంది. చూడబోతే భయంకరమే కాని, అది కాన్సర్ కాదు.

ఈ తికమక కొత్తది కాదు. 1925లో వియన్నాలో ఫెలిక్స్ మాండ్ల్ అనే సర్జన్ వద్దకు ఎముకలు దెబ్బతిన్న ఒక ట్రాము కండక్టరు వచ్చాడు. గ్రంథి బలం చాలకనే ఈ జబ్బు వస్తుందన్న నమ్మకంతో మాండ్ల్ మొదట గ్రంథి సారమే ఇచ్చాడు. వేరొకరి గ్రంథిని కూడా అతికించాడు. గుణం కనిపించలేదు. మెడలోని కంతిని తీసివేశాకనే రోగి తేరుకున్నాడు. కొన్నేళ్ళకు జబ్బు తిరగబెట్టడం వేరే విషయం. అమెరికాలో చార్లెస్ మార్టెల్ అనే ఓడ కెప్టెన్ ఎముకలు కుంగి ఏడంగుళాల ఎత్తు తగ్గాడు. ఆరు ఆపరేషన్లకు అందని కంతి 1932లో, ఏడవసారి, ఛాతీలో దొరికింది.

పాశ్చాత్య దేశాల్లో 1970ల నుంచి రక్తపరీక్ష యంత్రాలు కాల్షియాన్ని కూడా మామూలుగా లెక్కకట్టడంతో, బాధలు మొదలు కాకముందే చాలామందిలో ఈ జబ్బు పట్టుబడుతున్నది. మన దేశంలో ఎముకలు, మూత్రపిండాలు దెబ్బతిన్నాక బయటపడడమే ఎక్కువ. విటమిన్ డి కొరత ఎముకల స్థితిని మరింత దిగజారుస్తుంది. ఢిల్లీ పెద్దాసుపత్రుల వరండాల్లో దూరప్రాంతాల వారి చేతుల్లో లావుపాటి ఫైళ్ళు చూస్తూ ఉంటాను. అవయవానికొక ఫైలు. అన్నిటినీ కలిపి చదివే తీరిక ఎవరికున్నది?

మోకాలు నొప్పి పెట్టిన ప్రతివారికీ ఈ జబ్బు ఉన్నదని నా భావం కాదు. కాల్షియం పెరగడానికి వేరే కారణాలూ ఉన్నాయి. పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షతో వాటిని వేరుచేసి చూస్తారు. కాని మూత్రపిండాల్లో రాళ్ళు పదేపదే వచ్చేవారు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవారు కాల్షియం చూడమని వైద్యుణ్ణి అడగడంలో తప్పులేదు.

పిన్నికి ఢిల్లీలో ఆపరేషన్ జరిగింది. ఆ తరువాత ఎముకలు ఆబగా కాల్షియాన్ని తిరిగి లాగుకోవడంతో కొన్నాళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కాయి. కాల్షియం మాత్రలు నిజంగా అవసరమైంది అప్పుడే! ఇప్పుడు దవడ వాపు తగ్గుతున్నది. కర్ర పట్టుకొని నడుస్తున్నది. నాకు కాఫీ తానే కలిపి ఇచ్చింది; పంచదార వేయడం మరవలేదు.

"నాలుగూ వేరువేరు బళ్ళనుకున్నాంరా. అవన్నీ ఒకే ఇంజనుకు తగిలించిన పెట్టెలని తెలియడానికి ఎనిమిదేళ్ళు పట్టింది" అన్నారు చిన్నాన్నగారు, నన్ను స్టేషనులో దిగబెడుతూ.