మత్తు వీడిన పిమ్మట

మా అక్క కూతురికి పందొమ్మిదవ యేట జ్ఞానదంతములు మూడు చిగురులో అడ్డముగా పడుకొని, ముందున్న దవడపండ్లను నెట్టుచు, నెలకొకమారు బుగ్గను వాచునట్లు చేయుచుండగా, వానిని పూర్తి మత్తులో ఒక్కసారిగా తీయించుటకై పుంగనూరు నుండి కుప్పమునకు తీసికొనిపోయిరి. శస్త్రచికిత్స చక్కగా జరిగినది. రెండు గంటలు గడచిన పిమ్మట పిల్ల కన్నులు తెరచి, ప్రక్కనున్న అవ్వతో ఏదో చెప్పబోయి, చెప్పలేక, స్టీలు బేసినుకై చేయి చాచినది. వచ్చినదానిని చూచి అవ్వ నిర్ఘాంతపోయెను: కాఫీ డికాక్షను వలె నల్లనై, అడుగున పొడి దిగినట్లున్న ద్రవము.

“రక్తం కక్కింది రా నాయనా! పిల్లకి మత్తు పడలే, చూడు!”

అవ్వ మాటలో రెండు రోగనిర్ణయములు గలవు. రెండును సగము సగము నిజములు. బేసినులో ఉన్నది రక్తమే గాని కడుపులో పుట్టిన రక్తము గాదు. పన్ను పెరికిన గుంట నుండి మెల్లమెల్లగా ఊరి, మత్తులో నున్న పిల్ల తెలియకయే మ్రింగిన రక్తము జఠరామ్లముతో కలిసి నల్లబడి తిరిగి వచ్చినది. తాజాగా, ఎఱ్ఱగా, ఆగక వచ్చు రక్తమైనచో వెంటనే వైద్యుని పిలువవలెను. ఇట్టి నల్లని వాంతి ఒకటి రెండు మారులు అగుట ఈ చికిత్సలో అరుదు గాదు. ఇక మత్తు పడకపోవుట యన్నచో, పిల్ల దేహము మత్తుమందును విషముగా భావించి బయటికి గెంటుటకు ప్రయత్నించినదని చెప్పుట మేలు. ఆ మందు చేరినది ఊపిరి ద్వారమునను సిర ద్వారమునను గాని నోటి ద్వారమున గాదని పాపము ఆ దేహమునకు తెలియదు.

మెదడు అడుగుభాగమున, వెన్నుపాముతో కలియుచోటికి కొంచెము పైగా, చిన్న గింజంత ప్రదేశమొకటి కలదు. మెదడులో చాల భాగములకును రక్తమునకును నడుమ గట్టి గోడ వంటి అడ్డు ఉండగా, ఇచ్చట మాత్రము ఆ గోడ పలుచన. రక్తములో ఏది ప్రవహించుచున్నదో ఈ ప్రదేశము నిత్యము రుచి చూచుచుండును. 1950 ప్రాంతమున వాంగ్, బోరిసన్ అను శాస్త్రజ్ఞులు కుక్కలపైనను పిల్లులపైనను పరీక్షలు జరిపి, ఈ చోటును తొలగించినచో కొన్ని విషములు రక్తములో చేరినను వాంతి రాదని నిరూపించిరి. కుళ్లిన ఆహారము తిన్నవానిని బ్రతికించుటకు ప్రకృతి ఏర్పరచిన కావలి యిది. ఎలుకకును గుఱ్ఱమునకును వాంతి చేసికొను శక్తియే లేదు. మనుష్యునకు ఆ శక్తి అవసరమునకు మించియే ఉన్నదని వార్డులో నిలబడిన రోజున నాకు తోచినది.

ఈ కావలివాని చెంతకు వార్తలు ఒక్క రక్తము నుండియే రావు. కడుపు, ప్రేగుల నుండి వేగస్ నరము మీదుగా ఒక దారి కలదు. దేహములోని సెరటోనిన్‌లో అధికభాగము ప్రేగులలోనే యుండుటచేత, మ్రింగిన రక్తము వంటి దుర్వస్తువు తగిలినపుడు అచ్చటి కణములు దానిని విడుదల చేయగా, ఆ కబురు ఈ దారినే మెదడుకు చేరును. చెవి లోపలి తూకపు నాళముల నుండి మఱియొక దారి. భయము, వాసన, జ్ఞాపకము ఇవి మెదడు పైపొరల నుండి దిగివచ్చును. చరకసంహిత ఛర్దిని ఐదు విధములుగా విభజించి, అందొకటి అసహ్యమైన వస్తువు కంటబడుటచేత గాని ముక్కున సోకుటచేత గాని కలుగునని చెప్పినది. వాంతికి ముందు కలుగు ఆ కడుపులో తిప్పుటకు హృల్లాసమని మన వైద్యులు పెట్టిన పేరు, అనుభవించినవారికి ఎంత తగినదో వేరుగా చెప్పనక్కఱలేదు.

జ్ఞానదంతపు చికిత్సలో ఈ దారులన్నియు ఒకేసారి తెరచుకొనును. ఊపిరితో పీల్పించు మత్తువాయువులు మేల్కొన్న తొలి రెండు గంటలలో ముఖ్యకారణములు. నొప్పి తగ్గుటకిచ్చు మార్ఫిన్ జాతి మందులు మెదడులోని కావలిని నేరుగా తట్టుటయే గాక, చెవి లోపలి తూకమును సున్నితము చేయును. అందుచేతనే కదలక పడుకొన్నంతసేపు బాగుగా నున్న రోగి, మూత్రమునకని దిగ్గున లేచినంతనే డోకుకొనును. వీనికి తోడు మ్రింగిన రక్తము, ముందు రాత్రి నుండి ఖాళీగా నున్న కడుపు, పిల్ల మనస్సులోని బెదురు. ఒక పన్నును పీకుటకు సాధారణముగా చిగురుకిచ్చు సూదిమందే చాలును గనుక ఈ బాధ చాలమందికి తెలియదు. ఎముకలో లోతుగా దిగిన పండ్లు మూడు నాలుగు ఒక్కసారి తీయవలసివచ్చినపుడే పూర్తి మత్తు అవసరమగును.

మత్తుకును పంటికిని గల చుట్టరికము పాతది. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమున హొరేస్ వెల్స్ అను దంతవైద్యుడు నవ్వించు వాయువును తానే పీల్చి, తన దవడపంటినే మఱియొక వైద్యునిచేత తీయించుకొని, నొప్పి తెలియలేదని ఆశ్చర్యపడెను. ఆ వాయువు గంటకు మించి పీల్చినచో వాంతిని పెంచుననియు, కొద్దిసేపు పీల్చినచో అంతగా పెంచదనియు తేలినది ఇటీవలనే. మన హైదరాబాదులో నిజాం మహబూబ్ అలీఖాన్ ధనసహాయముతో ఎడ్వర్డ్ లారీ 1888, 1889లలో నడిపించిన క్లోరోఫారం కమిషన్లు ప్రపంచ ప్రసిద్ధములు. ఆ మందు మొదట గుండెను ఆపునా ఊపిరిని ఆపునా అన్నదే వారి వివాదము. ప్రాణము నిలుచునో లేదో తెలియని కాలమున వాంతిని గూర్చి తీరికగా ఆలోచించువారెవరు? నేడు మరణము అత్యంత అరుదైనది గనుక, రోగికి మిగిలిన పెద్ద బాధ యిదియే.

మత్తు తరువాతి వాంతి అన్ని శస్త్రచికిత్సలను కలిపి చూచినచో ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి కలుగును. అది ఎవరికి కలుగునో ముందుగా ఊహించుటకు 1999లో ఆప్‌ఫెల్ అను మత్తువైద్యుడును ఆయన సహచరులును జర్మనీ, ఫిన్లాండు దేశముల రోగులను పరిశీలించి ఒక సులభమైన లెక్క కట్టిరి. స్త్రీ యగుట, పొగ త్రాగకపోవుట, ప్రయాణములో గాని మునుపటి మత్తు తరువాత గాని వాంతియైన అలవాటుండుట, చికిత్స తరువాత మార్ఫిన్ జాతి మందు పడుట. ఈ నాల్గింటిలో ఏదియు లేనివారికి నూటికి 10 మందికి, ఒక్కటున్నచో 20 మందికి, రెండున్నచో 40, మూడున్నచో 60, నాలుగును ఉన్నచో ఇంచుమించు 80 మందికి వాంతి యగును. పొగ త్రాగువారికి తక్కువయని చదివి చుట్ట ముట్టించువారుండవచ్చును గాని, పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తము ఊడిపోయి, ఎముక బయటపడి, వారము పది దినములు నిద్రలేకుండ చేయు బాధకు ఆ పొగయే మొదటి మిత్రుడు. వయస్సు కూడ లెక్కలోనిదే: చిన్నవారికి ఎక్కువ. జ్ఞానదంతములు పదునేడు, ఇరువదియైదు ఏండ్ల నడుమ మొలచును గదా!

ఈ లెక్కయే మా యింట తప్పిపోయినది. మత్తువైద్యుడు ముందురోజు కూర్చుండబెట్టి, “బస్సులో పోతే వాంతులవుతాయామ్మా?” అని అడిగెను. పిల్ల నోరు తెరువకముందే మా అక్క, “అట్లాంటిదేమీ లేదు సార్, ఆరోగ్యంగా ఉంటుంది” అని చెప్పివేసినది. చెప్పుకొనుటకు సిగ్గుపడవలసిన లోపమని ఆమె తలంపు. పంటికిని బస్సుకును ఏమి సంబంధమను అనుమానమును కొంత ఉండియుండును. తిరుపతికి పోవునపుడెల్ల భాకరాపేట ఘాటు మలుపులు రాకముందే ఈ పిల్ల చేతిలో నిమ్మకాయ, ఒడిలో ప్లాస్టిక్ కవరు సిద్ధముగా నుండునని నాకు తెలియును. నేను ఆనాడు మదనపల్లెలో నుంటిని.

ఆ మాట తెలిసియున్నచో వైద్యుని చేతిలో ఉపాయములు అనేకములు. వాయువులకు బదులు ప్రొపోఫాల్ అను పాలవంటి మందును సిర ద్వారానే చికిత్స ముగియువరకు ఎక్కించవచ్చును. మత్తిచ్చిన తొలి నిమిషములలో డెక్సామెథాసోన్, ముగియుచుండగా ఆండాన్‌సెట్రాన్ 4 మిల్లీగ్రాములు ఇచ్చుట వాడుక. మొదటిది బుగ్గవాపును గూడ తగ్గించుటచేత పంటిచికిత్సకు రెండు విధముల ఉపకారి, రెండవది ప్రేగుల నుండి వచ్చు సెరటోనిన్ కబురును దారిలోనే ఆపును. 5000 మందికి పైగా రోగులతో నడచి 2004లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ రెండు మందులలో ఒక్కొక్కటి వాంతి భయమును రమారమి నాల్గవవంతు తగ్గించునని తేలినది. ఒకటి విఫలమైనచో వేఱొక జాతి మందు నిచ్చుట మేలు, దానినే మరల ఇచ్చుట గాదు: దారులు వేఱు గదా. మణికట్టుకు మూడు వ్రేళ్లు పైగా, రెండు నరములవలె కనబడు త్రాళ్ల నడుమ నొక్కుట చీనావారి పద్ధతి. నేను నవ్వితిని గాని, పరీక్షలలో దానికిని కొంత ఫలితము కనబడినది.

ఇక మత్తుకు ముందుండు ఉపవాసము మాట. 1946లో మెండెల్సన్ అను అమెరికా వైద్యుడు, మత్తులో నున్న గర్భిణుల కడుపులోని పదార్థము ఊపిరితిత్తులలోనికి దిగిన కేసులను వర్ణించినప్పటినుండి దీనికి పట్టింపు పెరిగినది. తేలికైన ఆహారమునకు ఆరు గంటలు, నీటికి రెండు గంటలు నియమము. మన ప్రాంతమున చిక్కంతయు “తేలిక” అన్న మాటలో గలదు: రాగి అంబలి తేలికయేనని అవ్వ వాదము, పాలు కలిపిన కాఫీ నీళ్లేనని అక్క వాదము. మత్తుశాస్త్రము దృష్టిలో రెండును ఆహారమే.

సాయంత్రమునకు పిల్లకు ఆండాన్‌సెట్రాన్ సూదిమందు ఇచ్చిరి. తలను ఎత్తుగా పెట్టి, కదలనీయక పడుకొనబెట్టిరి. నోట ఊరిన రక్తమును గట్టిగా ఉమ్మక, మ్రింగక, మెల్లగా దూదిబట్టలోనికి కారనిమ్మని నర్సు చూపించినది. ఉమ్మినచో గుంటలోని గడ్డ కదలును. మరునాడు పలమనేరు మీదుగా కారులో ముందుసీటున కూర్చుండి, కిటికీ తెరచి, దూరమున గుట్టలను చూచుచు పుంగనూరు చేరినది. ఒక్క చోటను కారు ఆపవలసిన పని కలుగలేదు. అవ్వ చల్లార్చిన అంబలిని చెంచాతో త్రాగించినది.

పై దవడలో జ్ఞానదంతము ఇంకొకటి మిగిలియున్నది. ఆసుపత్రివారు ఇచ్చిన చీటిపై “మత్తు తర్వాత వాంతి, ప్రయాణంలో వాంతి” అని వ్రాసియుండగా, అక్క దానిని బీరువాలో పట్టుచీరల నడుమ దాచినది.

“ఈసారి ఆయన అడక్కముందే చెప్తాన్లే” అన్నది.

“నువ్వు చెప్పొద్దు లేమా, నేనే చెప్తా” అన్నది పిల్ల, వాచిన బుగ్గతోనే.