రాజమహేంద్రవరము: చూడదగినవి, నేర్వదగినవి

పంచాయతీల తరఫున బడిపిల్లలను, యువజన సంఘముల వారిని, మహిళా మండలుల సభ్యులను యాత్రలకు తీసికొనిపోవుట మంచి ఆచారము. అయితే యాత్ర అనగా రేవులో స్నానము, గుడిలో దర్శనము, బజారులో కొనుగోలు మాత్రమే అని మనము తలచుచుందుము. గోదావరి తూర్పుగట్టున వెలసిన రాజమహేంద్రవరమును అట్లు చూచి తిరిగివచ్చినచో అచటి అసలు సంపదను చూడనట్లే. ఆ పట్టణమునకు పేరు తెచ్చిన స్థలములలో పెక్కింటికి పౌరులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు పూనిక వహించిరి. వాటిని ఆ దృష్టితో చూచినపుడు మన గ్రామమునకు పనికివచ్చు పాఠము దొరకును.

నది, ఆనకట్ట

కోటిలింగాల రేవు, పుష్కర ఘట్టము, మార్కండేయస్వామి ఆలయము యాత్రికులు ఎరిగినవే. పదకొండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని ఆస్థానములో నన్నయభట్టు భారతమును తెనిగింప ప్రారంభించినది ఇచటనే. నదిపై నున్న పాత హేవలాక్ వంతెన మీదుగా 1897 నుండి 1997 వరకు, సరిగా నూరేండ్లు, రైళ్లు నడచినవి.

పట్టణమునకు దిగువనున్న ధవళేశ్వరమును తప్పక చూడవలెను. 1830 దశకమున కరువులతో క్షీణించిన గోదావరి మండలమునకు నీరందించుటకై ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847 నుండి 1852 వరకు ఇచట ఆనకట్ట కట్టబడినది. తరువాత దాని స్థానమున బ్యారేజీ నిర్మింపబడినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నున్న ఈ కట్టడము సుమారు పదిలక్షల ఎకరములకు నీరిచ్చుచున్నది. కాటన్ పేరిట వస్తుప్రదర్శనశాల కూడ ధవళేశ్వరములో కలదు. తమ పొలమునకు వచ్చు నీరు ఎచట బయలుదేరునో చూచిన పిల్లవాడు పంటకాలువలో చెత్త వేయుటకు వెనుదీయును.

కళాశాల, చిత్రశాల

ఇచటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల 1853లో పాఠశాలగా మొదలైనది. సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలము ఇందు బోధించిరి. ఈ కళాశాల ప్రిన్సిపాలుగా నున్న ఆస్వాల్డ్ కూల్డ్రే దామెర్ల రామారావు అను బాలునిలోని చిత్రకళా ప్రతిభను గుర్తించి, బొంబాయిలో శిక్షణ పొందుటకు తోడ్పడెను. రామారావు 1925లో, ముప్పది యేండ్లు నిండకుండగనే మరణించెను. ఆయన చిత్రములు ఆయన పేరనే వెలసిన చిత్రశాలలో నేటికిని చూడవచ్చును. ఒక ఉపాధ్యాయుని శ్రద్ధ ఎంత ఫలమిచ్చునో ఈ చిత్రములే సాక్ష్యము.

సభాభవనము, గ్రంథాలయము

కందుకూరి వీరేశలింగము పంతులు 1848లో ఈ పట్టణముననే జన్మించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన ఇచట మొదటి వితంతు వివాహమును జరిపించిరి. పౌరులు కూడి మాటలాడుకొనుటకు 1890లో పురమందిరమును కట్టించిరి. చివరకు తమ ఆస్తిని హితకారిణీ సమాజమునకు ధారపోసిరి. ఆయన నివసించిన ఇల్లు స్మారకముగా నిలిచియున్నది.

గౌతమీ గ్రంథాలయ చరిత్ర మనకు మరింత సన్నిహితమైనది. 1898లో మొదలైన వాసురాయ గ్రంథాలయమును, తరువాత వెలసిన రత్నకవి గ్రంథాలయమును ఒకటై ఇది ఏర్పడినది. ప్రారంభించినవారు ప్రభుత్వాధికారులు కారు, పుస్తకాభిమానులైన పౌరులు. తాళపత్ర గ్రంథములు, పాత పత్రికలు ఇందు భద్రపరుపబడినవి. 1907లో వందేమాతర ఉద్యమమున పాల్గొన్నందుకు ఈ పట్టణపు ట్రెయినింగ్ కాలేజీ నుండి బహిష్కృతుడైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఉత్తరోత్తర ఆంధ్ర గ్రంథాలయోద్యమమునకు నాయకులలో ఒకరైరి.

యాత్రను నడుపు విధము

ఉదయము ధవళేశ్వరము, మధ్యాహ్నము చిత్రశాల, గ్రంథాలయము, సాయంకాలము కంబాలచెరువు ఉద్యానము లేదా నదిగట్టు చూచుట అనుకూలముగా నుండును. తీరిక యున్నచో కడియము పూలతోటలకు పోయి పాఠశాల ఆవరణకు మొక్కలు తెచ్చుకొనవచ్చును. పదిమంది పిల్లలకు ఒక పెద్ద చొప్పున బాధ్యత అప్పగింపవలెను. ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇత్తురు. హెచ్చరిక యున్న దినములలో పిల్లలను రేవునకు దింపరాదు. 2015 జూలై 14న, పుష్కరముల మొదటి దినమున, పుష్కర ఘట్టము వద్ద జరిగిన తొక్కిసలాటలో ఇరువదిమందికి పైగా మరణించిరి. పుష్కరములు మరల 2027లో వచ్చును. అందరును ఒకే రేవున, ఒకే ముహూర్తమున మునుగవలెనను పట్టుదల విడువవలెనని గ్రామసభలో ముందుగనే చెప్పుట పంచాయతీ సభ్యుల విధి.

తిరిగివచ్చిన పిమ్మట

యాత్ర ముగిసిన తరువాత ఒక ప్రశ్న మనకు మనమే వేసికొనవలెను: మన గ్రంథాలయము తలుపు తెరచియున్నదా? ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. లక్ష రూపాయల ఇంటిపన్నుపై ఇది ఎనిమిదివేలగును. ఈ సొమ్ము పంచాయతీది కాదు. దీనిని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయవలెను. వీధిదీపములకో, ఇతర ఖర్చులకో వాడుకొనినచో పుస్తకములు, పత్రికలు కొను సొమ్ము తరిగిపోవును. వచ్చు సమావేశమున కార్యదర్శిచే బకాయి లెక్క చదివించి, జమకు గడువు నిర్ణయింపుడు. చదువు కోసము సొంత ఆస్తులనే ఇచ్చినవారి పట్టణమును మనము చూచి వచ్చితిమి. మన చేతికి వచ్చిన ప్రజల పైకమును చేరవలసిన చోటికి చేర్చుట మనకు కష్టమైన పని కాదు.